నల్లగొండ మట్టిలో రోమ్ వెండి

ఒకవైపు మెడ వరకు చెక్కిన మగవాడి ముఖం. తలకు ఆకుల దండ, దాని కొసలు మెడ వెనక జారి ఉన్నాయి. ముఖం చుట్టూ లాటిన్ అక్షరాలు. రెండోవైపు పీఠం మీద కూర్చున్న స్త్రీ. ఒక చేతిలో పొడవాటి దండం, ఇంకో చేతిలో చిన్న కొమ్మ. నాణెం అడ్డుకొలత 18, 19 మిల్లీమీటర్లు. బరువు 3.7 గ్రాముల దరిదాపు. మన ఇప్పటి రూపాయి బిళ్ళకన్నా చిన్నదే.

బొమ్మవైపు కనిపించే ముఖం రోమన్ చక్రవర్తి టైబీరియస్‌ది. ఆయన క్రీ.శ. 14 నుంచి 37 వరకు ఏలాడు. నాణెం పేరు దీనారియస్. దీన్ని కొట్టిన టంకశాల నేటి ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉండేది. అప్పట్లో ఆ ఊరి పేరు లుగ్డునం. నాణెం దొరికింది మాత్రం నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లి నిధిలో. సరళరేఖ గీసి కొలిచినా ఆ రెండు చోట్ల మధ్య దూరం ఏడు వేల కిలోమీటర్లకు పైమాటే.

అక్కన్‌పల్లి నిధిలో లెక్కకు వచ్చిన వెండి నాణేలు 1,531. వాటిలో అత్యధికం ఇద్దరే చక్రవర్తులవి: ఆగస్టస్, ఆయన తర్వాత వచ్చిన టైబీరియస్. ఇవి హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం సేకరణలో చేరాయి. నాణేల పండితుడు పరమేశ్వరీలాల్ గుప్తా వీటినీ, ఉమ్మడి రాష్ట్రంలో దొరికిన ఇతర రోమన్ నాణేలనూ పట్టిక కట్టగా, 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని పుస్తకంగా అచ్చువేసింది.

టైబీరియస్ దీనారియస్ ప్రపంచంలో అరుదైనదేమీ కాదు, వేల సంఖ్యలో ఉంది. బైబిలు చదివేవారికి పరిచయమైనదే. కైసరుకు పన్ను కట్టవచ్చా అని అడిగినవారిని ఏసు చూపించమన్న దేనారము ఇదేనని చాలాకాలంగా ఒక భావన ఉంది. అందుకే సేకర్తలు దీన్ని పన్ను నాణెం అని పిలుచుకుంటారు. వేలంలో కొనుక్కున్న ఒక టైబీరియస్ నాణెం మనకు చెప్పేది ఆ చక్రవర్తి గురించే. అక్కన్‌పల్లి నాణెం అంతకన్నా చాలా ఎక్కువ చెబుతుంది. అది ఏ మట్టిలో, ఏ నాణేలతో కలిసి ఉన్నదో మనకు తెలుసు కాబట్టి.

అచ్చు, సుత్తి, బిళ్ళ

రోమన్ టంకశాలలో యంత్రాలు లేవు. దిమ్మెలో బిగించిన కింది అచ్చులో చక్రవర్తి ముఖం లోతుగా, తిరగేసి చెక్కి ఉంటుంది. తూచి పోతపోసిన వెండి బిళ్ళను దానిమీద పెట్టేవారు. బొరుసు చెక్కిన పై అచ్చును ఒకరు చేత్తో నిలబెడితే సుత్తితో దెబ్బ వేసేవారు. ఒక్క దెబ్బకు రెండు వైపులా ముద్ర పడాలి. చేతిపని కాబట్టి ఏ రెండు నాణేలూ అచ్చంగా ఒక్కలా ఉండవు. ఒకదానిలో అక్షరాలు అంచు దాటి పోతాయి, ఇంకోదానిలో ముఖం ఒక పక్కకు ఒరుగుతుంది.

ఈ తేడాలే నాణేల శాస్త్రానికి ఆధారం. ఒక అచ్చుతో వేల నాణేలు కొట్టవచ్చు. అచ్చులో చిన్న పగులు వస్తే అది ఆ తర్వాత కొట్టిన ప్రతి నాణెం మీదా సన్నని గీతగా ఉబ్బి కనిపిస్తుంది. ఎక్కడెక్కడో దొరికిన రెండు నాణేల మీద అదే గీత, అదే చోట ఉంటే రెండూ ఒకే అచ్చు నుంచి వచ్చినట్టు. పగులు పెరిగిన తీరు చూసి ఏది ముందు, ఏది వెనక అన్నదీ చెప్పవచ్చు. ఇలా ఒక రకం నాణేలకు ఎన్ని అచ్చులు వాడారో లెక్కకట్టి, మొత్తం ఎంత డబ్బు కొట్టి ఉంటారో అంచనా వేస్తారు.

మన టైబీరియస్ నాణెం బొరుసు మీది లాటిన్ మాటలకు అర్థం మహా పూజాధికారి. రోమ్ మతవ్యవస్థలో అత్యున్నత పదవి అది, చక్రవర్తే దానిని నిర్వహించేవాడు. కూర్చున్న స్త్రీ ఆయన తల్లి లివియా పోలికలో ఉన్న శాంతిదేవత అని చాలామంది పండితుల అభిప్రాయం. టైబీరియస్ తన ఏలుబడి పొడవునా దాదాపు ఇదే రకాన్ని కొట్టించాడు. ఆగస్టస్ కాలపు నాణేల్లో మన దేశంలో ఎక్కువగా దొరికేదీ ఒకే రకం. దాని బొరుసున ఆయన మనవలు గైయస్, లూసియస్ డాళ్ళు, ఈటెలతో నిలబడి ఉంటారు. వారసులుగా అనుకున్న ఆ ఇద్దరూ తాత బతికుండగానే, క్రీ.శ. 2లో ఒకరు, 4లో ఒకరు చనిపోయారు. ఆ కుర్రాళ్ళ రూపాలు మాత్రం తెలుగు నేలదాకా వచ్చాయి.

గనుల పొగ, గ్రీన్‌లాండ్ మంచు

ఈ వెండి ఎక్కడిది? రోమన్ల వెండిలో పెద్ద భాగం నేటి స్పెయిన్‌లోని గనుల నుంచి వచ్చేది. అక్కడ వెండి విడిగా దొరకదు, సీసపు ఖనిజంలో కొద్ది పాలుగా కలిసి ఉంటుంది. ఖనిజాన్ని కాల్చి, కరిగించి ముందు సీసం తీస్తారు. వెండి ఆ సీసంలోనే ఉంటుంది. దాన్ని ఎముకల బూడిద వంటి పీల్చుకునే పదార్థంతో చేసిన గిన్నెలో వేసి, గాలి ఊదుతూ గట్టిగా కాలిస్తే సీసం గాలితో కలిసి ఆక్సైడ్‌గా మారి గిన్నెలోకి ఇంకిపోతుంది. వెండికి ఆక్సిజన్‌తో కలిసే గుణం తక్కువ కనుక అది చుక్కగా మిగులుతుంది. మన కంసాలులు పుటం పెట్టడం అని పిలిచే పనికి మూలసూత్రం ఇదే.

పుటం పెట్టినప్పుడల్లా కొంత సీసం పొగలో కలిసి గాలిలోకి పోయింది. ఆ గాలి ఉత్తరాన గ్రీన్‌లాండ్ మీదుగా వీచినప్పుడు, అందులోని సీసం మంచుతో పాటు నేల మీద పడింది. అక్కడ ఏటికేడు మంచు పొరలుగా పేరుకుంటుంది, కరగదు. శాస్త్రవేత్తలు లోతుగా తవ్వి తీసిన మంచు కడ్డీలో ఒక్కో పొరలో సీసం ఎంత ఉందో కొలిచారు. 2018లో వెలువడిన పరిశోధన క్రీ.పూ. 1100 నుంచి క్రీ.శ. 800 వరకు ఈ లెక్కను వరసగా ఇచ్చింది. రోమన్ శాంతికాలమైన క్రీ.శ. మొదటి శతాబ్దంలో సీసం బాగా పెరిగింది. 165లో సామ్రాజ్యాన్ని చుట్టబెట్టిన మహమ్మారితో ఒక్కసారిగా పడిపోయింది. నల్లగొండలో దొరికిన నాణేలు ఆ ఎక్కువ పొగ కాలంలో పుట్టినవే.

వానగాలి మీద వచ్చిన డబ్బు

క్రీ.పూ. 30లో ఆగస్టస్ ఈజిప్టును గెలిచాక ఎర్రసముద్రపు రేవులు రోమన్ల చేతికి వచ్చాయి. మయోస్ హోర్మోస్ అనే రేవు నుంచే ఏటా 120 దాకా ఓడలు భారతదేశానికి వెళుతున్నాయని భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. జూలైలో అక్కడ బయలుదేరిన ఓడ నైరుతి గాలి పట్టుకుని అరేబియా సముద్రం దాటేది. ఎర్రసముద్రం ముఖద్వారం నుంచి కేరళ తీరంలోని ముజిరిస్‌కు గాలి అనుకూలంగా ఉంటే 40 రోజులని రోమన్ రచయిత ప్లినీ లెక్క. ఈశాన్యపు గాలి మొదలయ్యాక చలికాలంలో తిరుగు ప్రయాణం.

తీసుకెళ్ళే సరుకు మిరియాలు, ముత్యాలు, దంతం, రత్నాలు, సన్నని నూలుబట్టలు. మొదటి శతాబ్దం నడిమిలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన ఎర్రసముద్ర యాత్రా గ్రంథం ‘పెరిప్లస్’ తూర్పుతీరంలో మసాలియా అనే ప్రాంతాన్ని పేర్కొంటూ అక్కడ సన్నబట్టలు విస్తారంగా తయారవుతాయని చెప్పింది. అది మన మచిలీపట్నం చుట్టుపట్ల ప్రాంతమే. వియన్నాలో భద్రపరచిన ఒక పాపిరస్ పత్రంలో ముజిరిస్ నుంచి ఈజిప్టుకు వచ్చిన హెర్మపోలన్ అనే ఓడ సరుకు లెక్క ఉంది. ఒక్క ఓడలోని సరుకు విలువ దాదాపు 70 లక్షల సెస్టెర్షస్‌లు. నాలుగు సెస్టెర్షస్‌లు ఒక దీనారియస్. అలాంటి సరుకు మీద రోమన్ ప్రభుత్వం 25 శాతం సుంకం వసూలు చేసేది.

భారతదేశం ఏటా అయిదు కోట్ల సెస్టెర్షస్‌లు లాగేసుకుంటోందని ప్లినీ వాపోయాడు. అంటే కోటీ పాతిక లక్షల దీనారియస్‌లు. అదంతా నాణేల రూపంలోనే వచ్చిందనుకోకూడదు. ద్రాక్షసారాయి, రాగి, సీసం, పగడం, గాజు కూడా వచ్చాయి. అయితే వెండి, బంగారు నాణేలు సరుకుగానే ఓడ ఎక్కేవని పెరిప్లస్ స్పష్టంగా చెబుతుంది. దక్కను పీఠభూమిలో వెండి గనులు లేవు. ఇక్కడ వెండికి గిరాకీ, అక్కడ మిరియాలకూ బట్టకూ గిరాకీ. ఈ రెండు అవసరాల మధ్య పుట్టిన వ్యాపారమే లియాన్ వెండిని కృష్ణాలోయకు చేర్చింది.

పడమటి తీరాన దిగిన డబ్బు దక్షిణ దక్కను దారుల వెంట బండ్ల మీద లోపలికి వచ్చి ఉండవచ్చు, తూర్పు రేవుల నుంచి కృష్ణ వెంబడి పైకి వచ్చి ఉండవచ్చు. నల్లగొండ ఆ నదీలోయకు ఆనుకునే ఉంది. కరీంనగర్ వైపు నుస్తులాపూర్‌లో వెండి, వినుకొండ, నంద్యాల ప్రాంతాల్లో బంగారు రోమన్ నాణేలు దొరికాయి. చుక్కలు పెట్టి చూస్తే ఆంధ్ర, తెలంగాణ పటంలో ఆనాటి వర్తకుల బాటలు కనిపిస్తాయి.

లంకెబిందె ఒక ఖాతా పుస్తకం

నిధిని నాణేల గుట్టగా కాక ఒక షావుకారు ఖాతా పుస్తకంలా చదవడం నాణేల శాస్త్రం నేర్పుతుంది. విడి నాణెం ఆ పుస్తకంలోంచి చిరిగిపోయిన ఒక కాగితం. పుస్తకం మొత్తం చేతిలో ఉంటేనే మొదటి పద్దు ఏది, చివరి పద్దు ఏది, ఎవరి లెక్క లేదు అన్నది తేలుతుంది.

మొదటి ప్రశ్న, ఎప్పుడు పాతిపెట్టారు? నిధిలో అన్నిటికన్నా కొత్త నాణెం ఏదో చూస్తారు. ఆ నాణెం పుట్టకముందు దాన్ని పాతిపెట్టడం అసాధ్యం కదా. కనుక పాతిపెట్టిన కాలానికి అది తొలి హద్దు, అంతకు ముందు కాదు. ఎంత తర్వాత అన్నది అరుగుదల చెబుతుంది. చేతులు మారిన కొద్దీ వెండి నాణెం కాస్త కాస్త అరిగి బరువు తగ్గుతుంది. ఒకే రకం నాణేలను వందల సంఖ్యలో తూచి సగటు తీస్తే, అవి చలామణిలో ఎక్కువకాలం నలిగాయా, కొత్తగానే మట్టిలోకి పోయాయా అన్న అంచనా దొరుకుతుంది. ఒక్క నాణెంతో ఈ లెక్క కుదరదు, వందలు కావాలి. అక్కన్‌పల్లి లాంటి నిధికి ఉన్న విలువ ఇక్కడే ఉంది.

రెండో ప్రశ్న, ఎవరి డబ్బు? రోమన్ సైన్యంలో మామూలు సిపాయికి ఆగస్టస్ కాలంలో ఏడాది జీతం 225 దీనారియస్‌లు. అక్కన్‌పల్లి నిధి ఆ లెక్కన దాదాపు ఏడేళ్ళ జీతం. తూకంలో అయిదు కిలోలకు పైగా వెండి. ఇది ఒక కుటుంబం చిల్లర పొదుపు కాదు. పెద్ద వర్తకుడిదో, వర్తక సంఘమైన శ్రేణిదో, మఠానిదో అయ్యుండాలి. పాతిపెట్టినవారు మళ్ళీ తవ్వి తీసుకునే ఉద్దేశంతోనే పాతిపెడతారు. తీసుకున్నవారి నిధులు మనకు దొరకవు. తిరిగి రాలేనివారివే మనకు మిగిలాయి.

మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇందులో ఏది లేదు? మొదటి శతాబ్దం నడిమిలో ఇటలీలో పాతిపెట్టిన నిధులు తెరిస్తే చక్రవర్తుల ఏలుబడికి ముందటి రిపబ్లిక్ కాలపు దీనారియస్‌లు అధికంగా కనిపిస్తాయి. అంటే రోమ్ బజారులో నలుగుతున్న డబ్బు పాతా కొత్తా కలగలుపు. వంద, నూటయాభై ఏళ్ళ కిందటి నాణేలు కూడా అందులో ఉండేవి. మన నిధుల్లో ఆ కలగలుపు లేదు. గైయస్, లూసియస్ రకం, టైబీరియస్ రకం, ఈ రెండే గుట్టలుగా వచ్చాయి. ఆగస్టస్ ప్రత్యర్థి మార్క్ ఆంటొనీ తన సైన్యానికి జీతాలివ్వడానికి రాగి కలిపి కొట్టించిన దీనారియస్‌లు రోమ్‌లో చాలాకాలం చలామణి అయ్యాయి. మన పెద్ద వెండి నిధుల్లో వాటి జాడ లేనట్టే. ఎవరో ఏరి పంపారు, లేదా ఇక్కడివారు ఏరి తీసుకున్నారు. ఏ నాణెంలో వెండి నిఖార్సైనదో వర్తకులకు బాగా తెలుసు.

నీరో తగ్గించిన వెండి

క్రీ.శ. 64లో రోమ్ నగరం తగలబడింది. ఆ ఏడాదే నీరో చక్రవర్తి డబ్బు ప్రమాణం మార్చాడు. అంతవరకు ఒక రోమన్ పౌను వెండికి 84 దీనారియస్‌లు కొట్టేవారు. నీరో 96 కొట్టించాడు. అక్కడితో ఆగక వెండిలో రాగి కలిపించాడు. వెండి పాలు 97, 98 శాతం నుంచి దాదాపు 80 శాతానికి దిగింది. బరువు, పాలు రెండూ కలిపి చూస్తే ఒక్కో నాణెంలో వెండి నాలుగో వంతుకు పైగా తగ్గింది. నాణెం పేరు మాత్రం అదే.

రోమన్ పౌరుడు పన్ను కట్టాలన్నా, సిపాయి జీతం తీసుకోవాలన్నా కొత్త నాణెం పాత నాణెంతో సమానం, ప్రభుత్వ శాసనం అది. కృష్ణాతీరంలో రోమన్ శాసనం చెల్లదు. ఇక్కడ నాణెం విలువ త్రాసు, గీటురాయి తేల్చిందే. చెడ్డ డబ్బు మంచి డబ్బును బజారు నుంచి తరిమేస్తుందని ఆర్థికశాస్త్రంలో గ్రెషామ్ సూత్రం చెబుతుంది. తరిమేసిన మంచి డబ్బు ఎక్కడికి పోతుంది? ఇనప్పెట్టెలోకో, పరదేశానికో. మన నిధుల్లో నీరో మార్పు తర్వాతి వెండి నాణేలు బాగా అరుదు కావడానికి చాలామంది చెప్పే కారణం ఇదే.

పండితుల్లో దీని మీద రెండు పక్షాలున్నాయి. టైబీరియస్ కాలంలోనే వ్యాపారం ఉచ్ఛస్థితిలో ఉంది, నాణేలు అప్పుడే వచ్చేశాయి అని ఒక పక్షం. నీరో తర్వాత కూడా వ్యాపారులు పాత మంచి వెండినే ఏరి ఓడలకెక్కించారు, నాణెం మీది చక్రవర్తి కాలానికీ ఓడ ఎక్కిన కాలానికీ పొత్తు లేదు అని రెండో పక్షం. 107 ప్రాంతంలో ట్రేజన్ చక్రవర్తి పాత నాణేలను కరిగించేయడంతో ఆ సరఫరా ఎండిపోయిందని వీరి వాదన. రిపబ్లిక్ నాణేలు లేని ఏరివేత చూస్తే రెండో పక్షానిదే గట్టి వాదమని నాకు అనిపిస్తుంది. ఏరుకోవడం అలవాటైన బజారు, కల్తీ నాణెం వచ్చాక ఏరుకోవడం మానదు.

ఆ తర్వాత రోమన్ వెండి కథ దిగుడు మెట్ల కథే. మూడో శతాబ్దం నడిమి దాటాక రోమ్ కొట్టిన ‘వెండి’ నాణేల్లో వెండి నూటికి రెండు మూడు పాళ్ళకు పడిపోయింది. రాగి బిళ్ళకు పైన వెండి పూత, అంతే. అలాంటి నాణేలు వేలకు వేలుగా కుండల్లో బ్రిటన్ పొలాల్లో దొరుకుతున్నాయి. 2010లో ఇంగ్లండులోని ఫ్రోమ్ దగ్గర ఒక్క కుండలో 52,503 నాణేలు బయటపడ్డాయి, అవి ఇప్పుడు సోమర్‌సెట్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ నాణేలు దక్కను మార్కెట్‌కు పనికొచ్చేవి కావు.

ముఖం మీద ఉలి గాటు

అక్కన్‌పల్లి నాణేలను చేతిలోకి తీసుకుని చూసినవారికి ముందు కనపడేది గాటు. చాలా నాణేల మీద చక్రవర్తి చెంప మీదుగా, ఉలి పెట్టి కొట్టినట్టు నిటారుగా ఒక కోత. కోత అంచుల్లో వెండి కాస్త పైకి లేచి ఉంటుంది. అరుగుదల వల్ల వచ్చిన గీత కాదు, కావాలని వేసిన దెబ్బ. కొన్నిటి మీద గాటుతో పాటు చిన్న చిన్న ముద్రలు కూడా గుద్దారు.

ఎందుకు? మొదటి కారణం పరీక్ష. రోమన్ లోకంలోనూ దొంగ నాణేలుండేవి. లోపల రాగి, పైన సన్నని వెండి రేకు. ఉలితో ఒక దెబ్బ వేస్తే లోపలి రంగు బయటపడుతుంది. వెండి నాణేల విషయంలో ఈ వివరణ నప్పుతుంది. కానీ 1898లో తమిళనాడు పుదుక్కోట్టై దగ్గర దొరికిన 501 రోమన్ బంగారు నాణేల్లో నూటికి తొంభైకి పైగా గాటు పడ్డాయి, అన్నీ ముఖం మీదే. పరీక్షకయితే అంచున గాటు పెట్టినా సరిపోతుంది, బంగారానికి గీటురాయి ఉండనే ఉంది. ముఖమే ఎంచుకోవడం వెనక వేరే ఉద్దేశం ఉండాలి. ఈ పరాయి రాజు డబ్బు మా దగ్గర డబ్బుగా చెల్లదు, లోహంగానే చెల్లుతుంది అని అధికారి ఎవరో రద్దు చేసిన గుర్తుగా దాన్ని చాలామంది అర్థం చేసుకుంటున్నారు. ఈ రెండో కారణం మనదేశపు డబ్బు వ్యవస్థ ఎంత జాగరూకంగా ఉండేదో చెబుతుంది. రోమ్ ఇచ్చిందల్లా పుచ్చుకోకుండా, పరీక్షించి, ముద్ర కొట్టి, తమ నియమాల కిందికి తెచ్చుకుని వాడుకున్నారు.

పైపొరను నమ్మరాదు

ఇప్పుడు మ్యూజియం నాణెంలో వెండి ఎంతో ఎలా తెలుసుకుంటారు? ఎక్స్ కిరణాలు పంపితే లోహంలోని ఒక్కో మూలకం తనదైన కిరణాన్ని తిరిగి వెదజల్లుతుంది. పరికరం దాన్ని చదివి పాళ్ళు చెబుతుంది. నాణేనికి హాని లేదు. లోపం ఒకటే, ఆ కిరణాలు పైపొరను, అదీ మిల్లీమీటరులో చాలా చిన్న భాగాన్ని మాత్రమే చూస్తాయి.

వెండి, రాగి కలిసిన నాణెం మట్టిలో రెండు వేల ఏళ్ళు ఉంటే ముందుగా పోయేది రాగి. మట్టిలోని తేమ, ఉప్పు రాగిని కరిగించి లాగేస్తాయి. పైన వెండి పొర మిగులుతుంది. టంకశాలలోనే బిళ్ళను వేడిచేసి పుల్లటి ద్రావణంలో ముంచి తెల్లబెట్టడం వల్ల కూడా పైన రాగి తగ్గేది. అందుకని పైపొర చూస్తే నాణెం ఉన్నదానికన్నా మంచిదిగా కనిపిస్తుంది. కెవిన్ బుచర్, మాథ్యూ పాంటింగ్ అనే ఇద్దరు పరిశోధకులు నాణెం అంచులో సన్నని రంధ్రం వేసి, పైపొర రజను పారేసి, లోపలి లోహాన్నే పరీక్షించారు. నీరో తగ్గింపు అంతకుముందు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువని, దాదాపు 80 శాతానికి దిగిందని వారి లెక్కలే నిర్ధారించాయి. ఫలితాలు 2014లో పుస్తకంగా వచ్చాయి.

రంధ్రం వేయకుండా లోపలి సంగతి తెలుసుకునే పాత పద్ధతి ఒకటుంది. ఆర్కిమిడిస్ సూత్రం. వెండి సాంద్రత 10.5, రాగి సాంద్రత దాదాపు 9. బరువు 3.70 గ్రాములున్న నాణేన్ని సన్నని దారానికి కట్టి నీటిలో ముంచి తూస్తే, శుద్ధమైన వెండి అయితే బరువు 0.353 గ్రాములు తగ్గాలి. అందులో అయిదో వంతు రాగి ఉంటే 0.365 గ్రాములు తగ్గుతుంది. తేడా గ్రాములో నూరో వంతుకు కాస్త ఎక్కువ. మంచి త్రాసు, గాలి బుడగలు అంటని శుభ్రమైన నాణెం, నిలకడైన చేయి ఉంటే కాలేజీ ప్రయోగశాలలో కూడా ఈ తేడా పట్టుకోవచ్చు.

మట్టిలోంచి తీసిన నాణెం మెరవదు. మట్టిలోని క్లోరైడ్‌లతో కలిసి వెండి బూడిదరంగు పొర కడుతుంది, గంధకంతో కలిస్తే నల్లబడుతుంది, రాగి కరిగిన చోట ఆకుపచ్చ చిలుము పడుతుంది. ఈ పొర కింద అక్షరాలు భద్రంగా ఉంటాయి. మ్యూజియం రసాయనశాలలో భూతద్దం కింద, గంటల తరబడి ఓపికగా ఆ పొరను విడదీస్తారు. చింతపండో విభూతో పెట్టి రుద్దితే ఆ పొరతో పాటు అక్షరాలూ పోతాయి. ఏ అచ్చుతో కొట్టారో చెప్పే సన్నని గీతలు అన్నిటికన్నా ముందు పోతాయి.

ఇక్కడ ఆ వెండి చేసిన పని

శాతవాహనుల కాలంలో తెలుగు నేల మీద రోజువారీ డబ్బు ఎక్కువగా సీసం, రాగి మిశ్రమాల నాణేలు. వెండి తక్కువ. గౌతమీపుత్ర శాతకర్ణి, ఆయన తర్వాతి రాజులు తమ ముఖం వేసి వెండి నాణేలు కొట్టించారు. భారతీయ రాజులు నాణెం మీద ముఖం వేయించుకోవడంలో పొరుగు రాజులైన పడమటి క్షత్రపుల ప్రభావం నేరుగా ఉంది, రోమన్ నాణేల పరిచయమూ ఉంది. ఆ కొత్త నాణేలకు కావలసిన వెండిలో కొంత దీనారియస్‌లు కరిగించి తీసినదే అయ్యుంటుందని కొందరు పరిశోధకుల ఊహ.

రోమన్ నాణెం ఇక్కడ నగగానూ మారింది. మన దేశంలో దొరికిన బంగారు రోమన్ నాణేలు కొన్నిటికి రంధ్రాలు, కొక్కేలు ఉన్నాయి. కాసుల పేరు వేసుకునే మన ఆడవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. బంగారం కొనలేనివారికి మట్టి నాణేలు వచ్చాయి. మెదక్ ప్రాంతపు కొండాపూర్‌లో, దక్కనులో మరికొన్ని చోట్ల రోమన్ నాణెం బొమ్మను అద్ది కాల్చిన మట్టి బిళ్ళలు తవ్వకాల్లో దొరికాయి. ఆ తర్వాత ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ శాసనం ఒకటి దినారి మాషకాల దానాన్ని పేర్కొంది. రోమ్‌తో రాకపోకలు సన్నగిల్లాక కూడా దాని డబ్బు పేరు మన లెక్కల్లో నిలిచిపోయింది.

తవ్వినప్పుడు దొరికితే

ఇన్ని సంగతులు మనకు తెలిసింది ఆ 1,531 నాణేలు ఒక్కచోట చేరి, లెక్కకు ఎక్కి, మ్యూజియానికి వచ్చాయి కాబట్టి. పొలం దున్నుతుంటేనో ఇంటి పునాది తీస్తుంటేనో దొరికి, ఊళ్ళో పంచుకుని, రాత్రికి రాత్రి కొలిమిలో కరిగిపోయిన లంకెబిందెల సంగతి ఎవరికీ తెలియదు. వెండి ఎక్కడికీ పోదు, పట్టీగానో మొలతాడుగానో మిగులుతుంది. అందులోని చరిత్ర మాత్రం తిరిగి రాదు. పది నాణేలు దాచుకుని మిగతావి అప్పగించినా నష్టమే. ఆ పదింట్లోనే అన్నిటికన్నా కొత్త నాణెం ఉంటే నిధి పాతిపెట్టిన కాలమే తప్పుగా లెక్క తేలుతుంది.

మన దేశంలో దీనికి 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఉంది. భూమిలో దాచిన, పది రూపాయలకు మించి విలువ చేసే ఏ వస్తువు దొరికినా దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏమి దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడూ అందులో ఉండాలి. చరిత్రకారుడికి కావలసినవీ ఆ మూడే. చెప్పకుండా దాచితే ఏడాది వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. సొంతదారు ఎవరూ లేరని తేలితే దొరికినవారికీ, భూమి యజమానికీ వాటా ఉంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలని చట్టం చెబుతుంది.

మీ ఊళ్ళో తవ్వకంలో ఒక కుండ బయటపడితే నాలుగు పనులు చేయండి. నాణేలను కడగవద్దు, రుద్దవద్దు. కుండ పెంకులను, అందులోని మట్టిని పారేయవద్దు. ఉన్నచోటే ఫోటో తీయండి. తహసీల్దారుకో, పురావస్తు శాఖకో కబురు పెట్టి, కలెక్టరుకు రాతలో తెలియజేయండి. హైదరాబాదు వెళ్ళినప్పుడు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి పిల్లలను తీసుకెళ్ళండి. రోమ్ గురించి వాళ్ళు పాఠ్యపుస్తకంలో చదివేదానికి తెలుగు నేలలో దొరికిన సాక్ష్యం అక్కడ ఉంది.